రెండేళ్లు వాడాక మైక్రోబిట్ గురించి

దేవరకొండ వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రెండేళ్ల కింద సొంత డబ్బుతో ఆరు మైక్రోబిట్ బోర్డులు కొన్నాను. శనివారం మధ్యాహ్నాలు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు వాటి మీదే ఉంటారు. ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న కంప్యూటర్ ఇది. దాదాపు అగ్గిపెట్టెంత బోర్డు, రెండు బటన్లు, 25 ఎర్ర లైట్లు. 2016లో బ్రిటన్‌లో బీబీసీ బడి పిల్లలకు ఉచితంగా పంచింది దీన్నే.

కొంటే 2020 చివర్లో వచ్చిన రెండో వెర్షన్ మాత్రమే కొనండి. మైకు, స్పీకరు అందులోనే ఉన్నాయి. మెషిన్ లెర్నింగ్ మోడల్, అంటే ఉదాహరణలు చూపిస్తే వాటి నుంచి నేర్చుకుని గుర్తుపట్టే ప్రోగ్రాం, బోర్డు మీద నడవాలన్నా అదే కావాలి. నాకు ఆన్‌లైన్‌లో ఒకాయన రెండు పాతవి అంటగట్టాడు. అవి ఇప్పుడు లైట్లు వెలిగించడానికే.

మేక్‌కోడ్ అనే వెబ్‌సైట్‌లో బ్లాకులు జరిపి ప్రోగ్రాం రాయడం పిల్లలకు రెండు వారాల పని. బోర్డులు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే రేడియోలో అందరూ ఒకే గ్రూప్ నంబరు పెట్టుకుని, ఒకరి బొమ్మ అందరి బోర్డుల మీద వెలిగితే ఒకటే నవ్వులు. పాఠం అక్కడే అయిపోయింది.

అసలు సంగతి క్రియేట్ఏఐ. కదలికలు రికార్డు చేసి, వాటిని గుర్తుపట్టడం బోర్డుకు నేర్పించే వెబ్‌సైట్ అది. బోర్డును మణికట్టుకు కట్టుకుని కదిలితే, బోర్డులో కదలికను కొలిచే యాక్సిలరోమీటరు మూడు దిక్కుల కదలికనూ గీతలుగా చూపిస్తుంది. దసరా ముందు మా పిల్లలు బతుకమ్మ చప్పట్లు, మామూలు నడక దానికి నేర్పించారు. బాగా గుర్తుపట్టింది. ఇంతలో ఎడమచేతి వాటం అమ్మాయి ఒకతె తన ఎడమ చేతికి కట్టుకుని చప్పట్లు కొడితే బోర్డు ‘నడక’ అని చూపించింది. "సార్, నా చెయ్యి దానికి తెల్వదా?" అంది ఆ పిల్ల. నిజంగానే తెలియదు. డేటా ఇచ్చినవాళ్లంతా కుడిచేతికే కట్టుకున్నారు. చెయ్యి మారితే దిక్కులు తిరగబడ్డాయి. తర్వాత ఆరో తరగతి బుడ్డోళ్లతో సహా పదిమందితో, రెండు చేతులతోనూ రికార్డు చేశాం. కుదిరింది. కానీ ఆయమ్మ చీపురు పట్టి ఊడిస్తే మళ్లీ చప్పట్లే! మేము నేర్పినవాటిలోంచే ఏదో ఒకటి ఎంచుకుంటుందని అప్పుడు అర్థమైంది. ఊడవడం కూడా మూడో కదలికగా చేర్చాం. నేను నల్లబల్ల మీద రాసి చెబితే ఇది ఎక్కేది కాదు.

ఇక టెన్షన్ పెట్టేవి. మా కంప్యూటర్లకు బ్లూటూత్ లేదు. అప్పుడు డేటా తీయడానికి ఒక్కో జట్టుకు రెండు బోర్డులు కావాలి. ఒకటి చేతికి, ఇంకొకటి కంప్యూటరుకు. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే ఫోన్ కేబుళ్లతో ఒక శనివారం పూర్తిగా పోయింది, బోర్డులే చెడిపోయాయనుకున్నాం. నెట్ నా ఫోన్ నుంచే. ఉష్ణోగ్రత చూపించేది చిప్ లోపలిది, గది కంటే ఎక్కువే చూపిస్తుంది. మే నెలలో దాన్ని నమ్మి పిల్లలు బెదిరిపోయారు.

బత్తాయి తోట ఉన్న పిల్లాడు బోర్డుకు కలిపిన రెండు మేకులు మట్టిలో గుచ్చి తడి కొలిచాడు. మేకులకు ఎప్పుడూ కరెంటు ఇచ్చి ఉంచడంతో అవి త్వరగా తుప్పుపట్టాయి. ఇప్పుడు కొలిచేటప్పుడే ఇచ్చేలా ప్రోగ్రాం మార్చాడు, వాళ్ల నాన్న మాత్రం ఇంకా వేలితోనే చూస్తాడట.

ఈ ఏడు మళ్లీ కొంటే రెండు బోర్డులు తగ్గించి, కంప్యూటర్లకు గుచ్చుకునే బ్లూటూత్ డాంగిళ్లు, మంచి కేబుళ్లు, రిమోట్ సెల్లులు తెస్తాను.