మాంట్రియల్ చలికాలం: మెట్రోకి ఎంత దగ్గరుంటే అంత సుఖం

కెనడాలోని మాంట్రియల్‌లో చలికాలం గది వెతుక్కునేవాళ్లు ముందు చూడాల్సింది అద్దె కాదు, మెట్రో స్టేషన్‌కి ఎన్ని నిమిషాల నడక అన్నది. ఎండాకాలంలో పది నిమిషాలంటే ఓ నడక. ఫిబ్రవరిలో, కాలిబాట మీద గాజులా గడ్డకట్టిన ఐసు మీద, ఎదురుగాలిలో పది నిమిషాలంటే ఆ పూట ప్రోగ్రామ్ మానేద్దామా అనిపించేంత దూరం.

మేం రెండు రకాల బసలూ చూశాం. మొదటిది ప్లాటో పేటలో ఒక అద్దె ఫ్లాట్, మూడో అంతస్తు. ఆ పేట అందమంతా ఇళ్ల ముందు వంపులు తిరిగి పైకి వెళ్లే ఇనప మెట్లే. ఫొటోల్లో బాగుంటాయి. రాత్రి మంచు కురిసి, పొద్దున కాస్త కరిగి, సాయంత్రానికి మళ్లీ గడ్డకట్టాక సామాను పట్టుకుని వాటి మీద దిగాలంటే మాత్రం దేవుడు గుర్తొస్తాడు. ఇంటాయన ఉప్పు బకెట్టూ పారా ఉంచారు గానీ, రెండూ పైన తలుపు పక్కనే. బయటి నుంచి వచ్చినవాళ్లకి ఉప్పు కావాల్సింది కింది మెట్టు దగ్గర కదా! ఇంట్లో గోడల కింద బారుగా ఎలక్ట్రిక్ హీటర్లు. వెచ్చదనానికి లోటు లేదు గానీ గాలి మరీ పొడి. పెదవులు పగిలిపోతాయి, తలుపు పిడి ముట్టుకుంటే చిన్న షాక్. వంటగది ఉండటం ఒక్కటే పెద్ద లాభం. రాత్రి వేడివేడిగా పప్పూ అన్నం దొరికితే సగం చలి అక్కడే పోతుంది.

తర్వాత డౌన్‌టౌన్‌లో, భూగర్భ దారులకి కలిసి ఉన్న ఓ హోటల్‌కి మారాం. అద్దె ఎక్కువ, వంట లేదు. కానీ లిఫ్ట్ దిగితే మెట్రో, కోటు కూడా అక్కర్లేదు. నాలుగు రోజుల కోసం వెళ్లేవాళ్లు, పెద్దవాళ్లని వెంట తీసుకెళ్లేవాళ్లు ఇదే చూసుకోండి. ఎక్కువ రోజులుంటే ఫ్లాటే నయం, కాకపోతే కింది అంతస్తు దొరికితేనే. బుక్ చేసేటప్పుడు చూపించే ధరకి 5 శాతం కేంద్రం పన్ను, 9.975 శాతం క్యూబెక్ (ఆ ఊరున్న రాష్ట్రం) పన్ను కలుస్తాయని లెక్కలో పెట్టుకోండి. హోటల్లో తిన్నా అంతే, పైన టిప్ వేరే.

ఇక ఆ ఊళ్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఏ గుడో మ్యూజియమో కాదు, మంచు ఎత్తే పద్ధతి. ఏడాదికి రెండు మీటర్లకి పైగా మంచు పడే ఊరు. పడ్డ రోజు ముందు కాలిబాట మీదకి చిన్న ట్రాక్టర్లు వస్తాయి. చూడ్డానికి బొమ్మల్లా ఉంటాయి, వచ్చే వేగం చూస్తే పక్కకి దూకాల్సిందే. బాగా పడితే ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది. మంచు దిబ్బల్లో నారింజ రంగు బోర్డులు గుచ్చుతారు, ఫలానా గంటల్లో ఇక్కడ బండి పెట్టొద్దని. టైమవుతుంటే టోయింగ్ బండి సైరన్ మోగించుకుంటూ వీధంతా తిరుగుతుంది. అప్పటికీ తియ్యని కారుని ఎత్తుకెళ్లి పక్క వీధిలో పెట్టేస్తారు, జరిమానా అదనం. ఆ వెనకే పెద్ద యంత్రం మంచుని మింగి, పక్కన మెల్లగా నడిచే లారీలోకి ధారగా చిమ్ముతుంది. ఒక లారీ నిండగానే వెనకది ముందుకి. రాత్రి పన్నెండింటికి నేనూ మా ఆయనా కిటికీ దగ్గర కుర్చీలేసుకుని చూశాం, టికెట్ లేని సినిమా. ఆ మంచులో చాలా భాగం సెయింట్ మిషెల్ దగ్గర ఫ్రాంకాన్ అనే పాత రాతి క్వారీకి పోతుంది, అక్కడి గుట్ట ఎండాకాలంలోనూ ఓ పట్టాన కరగదట. కారు అద్దెకి తీసుకుందామనుకునేవాళ్లు ఇదంతా చూసి ఆలోచించుకోండి. నన్నడిగితే వద్దనే అంటాను. డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా క్యూబెక్‌లో కార్లకి వింటర్ టైర్లు తప్పనిసరి, అవుంటాయి సరే, ఆ బోర్డుల టెన్షన్ ఎవరు పడతారు?

మెట్రో 1966లో మొదలైంది. నాలుగు లైన్లూ పూర్తిగా భూమి లోపలే, అందుకే పైన తుఫానున్నా రైళ్లు నడుస్తూనే ఉంటాయి. చక్రాలు రబ్బరువి, రొద తక్కువ. ఇబ్బంది రెండింటితో. స్టేషన్ తలుపులు మధ్య ఇరుసు మీద తిరుగుతాయి, రైలు తోసుకొచ్చే గాలికి ఎదురు నెట్టాలంటే భుజం పెట్టాలి. లిఫ్ట్ లేని స్టేషన్లూ చాలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే మ్యాప్ చూసుకోండి. బస్సుల సంగతి వేరు, మంచు రోజున టైమ్ టేబుల్ని నమ్ముకోకండి. ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చే 747 బస్సు మాత్రం ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, ఆ టికెట్టే ఒక రోజంతా ఊళ్లో బస్సులకీ మెట్రోకీ పనికొస్తుంది. టాక్సీ కన్నా ఎంతో చవక.

ఆ హోటల్‌కి కలిసిన భూగర్భ దారుల్నే భూగర్భ నగరం అని అందరూ ఊదరగొడతారు. ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దారులన్న మాట నిజమే, కానీ చూడ్డానికని వెళ్తే షాపులూ ఫుడ్ కోర్టులే. గుర్తులు సరిగా ఉండవు, ఓసారి బయటపడితే ఏ వీధిలో తేలామో తెలీదు. దారిగా వాడుకోండి, దర్శనీయ స్థలంగా కాదు. చలికి ఎక్కడో కూర్చోవాలంటే బెరి మెట్రో దగ్గర పెద్ద లైబ్రరీ మేలు. 2005లో కట్టారు, ప్రవేశం ఉచితం, ఎవరూ ఏమీ అడగరు.

డబ్బు పెట్టి చూడదగ్గది బయోడోమ్. 1976 ఒలింపిక్స్‌కి సైకిల్ పందేల కోసం కట్టిన భవనం, ఇప్పుడు లోపల అడవులూ జంతువులూ పెంచుతున్నారు. బయట మైనస్ ఇరవై, లోపల తలుపు దాటగానే ఉష్ణమండలపు అడవి. కళ్లద్దాలు తెల్లగా కమ్ముకుపోయి రెండు నిమిషాలు ఏమీ కనపడలేదు, మొహానికి తగిలిన తేమ గాలికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. మౌంట్ రాయల్ కొండ మీద బీవర్ లేక్ దగ్గర స్కేటింగ్ ఉంది, స్కేట్లు అద్దెకిస్తారు. మేం పిల్లలు పడుతూ లేస్తూ ఉంటే చూసి వచ్చేశాం. పాత మాంట్రియల్ ఫొటోలకి సరే, నది గాలికి ఎక్కువసేపు నిలవలేం.

కూరగాయలకీ పప్పులకీ పార్క్ ఎక్స్‌టెన్షన్ పేటకి వెళ్లాం. మనవాళ్లూ, పాకిస్తాన్, బంగ్లాదేశ్ వాళ్లూ పెట్టిన దుకాణాలు వరసగా ఉంటాయి. కందిపప్పుకి చింత లేదు, కరివేపాకు రెబ్బలకే బంగారం ధర. జాన్ తలాన్ మార్కెట్ కూడా చలికాలం గోడల మధ్య నడుస్తుంది. సెయింట్ వియాటర్ వీధిలో కట్టెల పొయ్యిలో కాల్చే బేగెల్స్ (మధ్యలో చిల్లున్న గుండ్రటి రొట్టెలు) షాపు రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. నువ్వులద్దిన వేడి బేగెల్ చేతిలో పట్టుకుంటే గ్లవ్స్ దండగ.

అక్కడ చదువుకుంటున్న మా మేనకోడలు మొదటి రోజే చెప్పింది: "అత్తా, ఎన్ని డిగ్రీలో చూడకు, గాలితో కలిపి ఎంతో అది చూడు." మైనస్ పన్నెండు అని చూపించిన రోజే మైనస్ ఇరవై రెండులా ఉంటుంది. థర్మల్స్ ఇక్కడే కొనుక్కెళ్లండి, బూట్లు మాత్రం అక్కడే కొనండి, మన దగ్గర దొరికేవి ఆ ఐసుకి ఆగవు. ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి, బయట పెడితే బ్యాటరీ చూస్తుండగానే అయిపోతుంది.

నెల ఎంచుకోగలిగితే జనవరి మూడో వారం తర్వాతా ఫిబ్రవరీ మంచివి, అప్పుడు మంచు పొడిగా, తెల్లగా ఉంటుంది. మార్చిలో చలి తగ్గుతుంది గానీ ప్రతి వీధి మలుపులోనూ చీలమండ దాకా నల్లటి బురద నీళ్లు. ఆ నెలకి ఒక్కటే ఆకర్షణ, శుభ్రమైన మంచు మీద వేడి మేపుల్ చెట్టు పాకం పోసి పుల్లకి చుట్టి ఇస్తారు. తీపి ఇష్టమైనవాళ్లు దాని కోసం బురద భరించొచ్చు.