పోయిన ఫోన్ సొంతదారును చేరాలంటే: లాక్ స్క్రీన్ మీది ఏర్పాట్లపై ఒక సమీక్ష

కిందటి నెల ఒక బస్సు ప్రయాణంలో, సీటుకూ పక్క గోడకూ మధ్య సందులో ఇరుక్కుపోయిన ఫోన్ ఒకటి నాకు దొరికింది. దానిని సొంతదారుకు అప్పగించడానికి దాదాపు ఎనిమిది గంటలు పట్టింది. అంతసేపూ ఆ ఫోన్ నా చేతిలోనే ఉన్నా, అది ఎవరిదో చెప్పే అక్షరం ఒక్కటి కూడా దాని మీద నాకు దొరకలేదు. ఆ అనుభవం తరువాత, ఇలాంటి సందర్భం కోసం ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉన్న ఏర్పాట్లను మా ఇంట్లోని ఫోన్ల మీద రెండు వారాలు పరీక్షించి చూశాను. వీటి గురించి నేను చదివిన సమీక్షలన్నీ ఫోన్ పోగొట్టుకున్నవారి వైపు నుంచి రాసినవే కనుక, దొరికినవారి వైపు నుంచి అవి ఎలా కనిపిస్తాయో చెప్పడం అవసరమని అనిపించింది.

నాకు దొరికిన ఫోన్ లాక్ చేసి ఉంది, సైలెంట్‌లో ఉంది, ఛార్జింగ్ 11 శాతం మిగిలి ఉంది. తెర మీద సమయమూ ఒక పూలతోట బొమ్మా తప్ప మరేమీ లేవు. సైలెంట్‌లో ఉండటం వల్ల దానికి కాల్ వచ్చిన సంగతి నాకు తెలియలేదు. తరువాత చూస్తే ‘చిన్నక్క’ అనే పేరుతో రెండు మిస్డ్ కాల్స్ కనిపించాయి. పేరు కళ్లెదుటే ఉంది, ఆమె ఈ ఫోన్ కోసమే ఆదుర్దాపడుతున్నారని అర్థమవుతోంది, అయినా లాక్ తీయకుండా ఆమెకు తిరిగి కాల్ చేసే దారి లేదు. లాక్‌లో ఉన్న ఆ ఫోన్‌కు వచ్చే కాల్‌ను ఎవరైనా ఎత్తవచ్చు గానీ, అందులో తప్పిపోయిన కాల్‌కు బదులు పలకలేరు. ఇది భద్రత కోసం పెట్టిన కట్టుబాటు అని ఒప్పుకుంటాను. అయితే సొంతదారు తానే ముందుగా ఎంచుకున్న ఒకరిద్దరి విషయంలోనైనా ఆ తలుపు తెరిచి ఉండాలి కదా అని ఆ రోజు చాలాసేపు బాధపడ్డాను.

నిజానికి ఆ తలుపు ఉంది. ఐఫోన్‌లో 2014లో ఐఓఎస్ 8తో పాటు మెడికల్ ఐడీ వచ్చింది, ఆండ్రాయిడ్‌లో 2016లో 7.0 వెర్షన్‌తో ఎమర్జెన్సీ సమాచారం వచ్చింది. పేరు, రక్తం గ్రూపు, మందుల వివరాలతో పాటు దగ్గరివారి నంబర్లను ఇందులో రాసుకుంటే, లాక్ తీయకుండానే ఆ నంబర్లకు కాల్ చేయవచ్చు. ప్రమాదంలో స్పృహ తప్పినవారి కోసం తయారుచేసినదే అయినా, దొరికిన ఫోన్‌ను తిరిగి ఇవ్వాలనుకునేవారికి కూడా ఇది సూటి దారే. నాకు దొరికిన ఫోన్‌లో మాత్రం ఆ చోటంతా ఖాళీగా ఉంది. లోపం అక్కడితో ఆగలేదు. ఇంటికి వచ్చాక నా ఫోన్‌లో అన్ని వివరాలూ నింపి మా అమ్మ చేతికిచ్చి, ‘ఇది నీకు దారిలో దొరికిందనుకో, ఎవరిదో కనుక్కో’ అన్నాను. ఈ వివరాలకు దారితీసేది లాక్ తెర మీది ఎమర్జెన్సీ అన్న మాటే, ఆమె దాని మీద వేలు పెట్టలేదు. ఎందుకని అడిగితే, అది నొక్కితే నేరుగా పోలీసులకో అంబులెన్సుకో కాల్ వెళ్లిపోతుందని భయపడ్డానని చెప్పింది. ఆ భయంలో తప్పేమీ లేదు, ఎందుకంటే ఆ మాట చెప్పే అర్థం అదే. సొంతదారు దగ్గరివారి నంబరు దాని వెనకాల ఉంటుందని తెర మీద ఎక్కడా రాసి ఉండదు. అందువల్ల ఈ ఏర్పాటుకు పనితనంలో 5కు 5 ఇస్తాను, కంటికి కనబడటంలో 2 ఇస్తాను. ఐఫోన్ వాడేవారు ‘లాక్ అయినప్పుడు చూపించు’ అనే మీట కూడా ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే నింపిన వివరాలు బయటివారికి కనిపించవు.

నేను పరీక్షించిన వాటిలో అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే మేలైనది ఆండ్రాయిడ్‌లో లాక్ స్క్రీన్ మీద మనకు నచ్చిన మాటలు రాసుకునే సదుపాయం. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు, దొరికినవారు ఏదీ నొక్కి చూడనక్కర్లేదు, తెర వెలిగితే చాలు. ‘ఈ ఫోన్ దొరికితే దయచేసి ఈ నంబరుకు చెప్పండి’ అని రాసి అమ్మకు మళ్లీ ఇస్తే, అర నిమిషంలో తన ఫోన్ నుంచి ఆ నంబరుకు కాల్ చేసింది. ఇక్కడ ఒక పొరపాటు జరగకుండా చూసుకోవాలి. చాలామంది అలవాటుగా తమ నంబరే రాస్తారు, తీరా అది పోయిన ఫోన్‌లోనే మోగుతుంది. ఇంట్లోవారిదో స్నేహితులదో నంబరు రాయాలి. మామూలు ఐఫోన్ సెట్టింగ్స్‌లో ఇలా రాసుకునే చోటు లేదు, వాల్‌పేపర్ బొమ్మలోనే నంబరు చేర్చి పెట్టుకోవలసి వస్తుంది. ఇంత చిన్న పనిని వదిలేయడం నాకు నిరాశ కలిగించింది.

దూరం నుంచి ఫోన్‌ను ‘పోయినది’గా ప్రకటించే సేవల గురించి అందరూ ఎక్కువగా మాట్లాడుకుంటారు. ఐఫోన్‌లో లాస్ట్ మోడ్ 2012 నుంచి ఉంది. గూగుల్ 2013లో ఆండ్రాయిడ్ డివైస్ మేనేజర్ పేరుతో తెచ్చిన సేవ 2017లో ఫైండ్ మై డివైస్ అయింది, 2025లో ఫైండ్ హబ్ అయింది. ఫోన్ పోయిన కంగారులో ఉన్న మనిషి పాత పేరుతో వెతుక్కునేలా ఇలా పేర్లు మార్చడం మంచి పని కాదు. పనితీరు మాత్రం రెండింటిలోనూ బాగుంది. సొంతదారు మరో ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో ఒక సందేశమూ ఒక నంబరూ పంపితే, అవి పోయిన ఫోన్ తెర మీద కనిపిస్తాయి, దొరికినవారు అక్కడి నుంచే ఆ నంబరుకు కాల్ చేయవచ్చు. గూగుల్ సేవలో శబ్దం మోగించమని కోరితే, సైలెంట్‌లో ఉన్నా సరే ఐదు నిమిషాలు పూర్తి శబ్దంతో మోగుతుంది. నా చేతిలో ఉన్న ఫోన్ అలా ఒక్కసారి మోగి ఉంటే ఆ రోజంతా మరోలా ఉండేది.

అయితే వీటన్నిటికీ సొంతదారు తన ఖాతాలోకి వెళ్లగలగాలి. రెండంచెల ధృవీకరణ (పాస్‌వర్డ్ తరువాత మరో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకున్నవారికి ఆ రెండో కోడ్ పోయిన ఫోన్‌కే వెళ్లే అవకాశం ఉంది. ఐఫోన్ వాడేవారికైతే, ఆపిల్ వారి ఐక్లౌడ్ సైట్‌లో పరికరాలను వెతికే పేజీ ఆ కోడ్ లేకుండానే తెరుచుకుంటుంది. గూగుల్ ఖాతా ఉన్నవారు ఆ రెండో కోడ్‌కు బదులుగా పనికొచ్చే పది బ్యాకప్ కోడ్‌లను ముందే తీసుకుని కాగితం మీద దాచుకోవడం మంచిది. ఈ సేవలకు 5కు 4 ఇస్తాను, తగ్గించిన ఒక్కటీ ఈ చిక్కు కోసమే.

దొరికినవారు మంచి ఉద్దేశంతోనే చేసే రెండు పనులు ఈ ఏర్పాట్లన్నిటినీ దెబ్బతీస్తాయి. ఛార్జింగ్ మిగులుతుందని ఫోన్ ఆఫ్ చేయడం మొదటిది. మళ్లీ ఆన్ చేశాక ఎవరూ లాక్ తీయలేదు కనుక, వచ్చే కాల్స్‌కు పేర్లు కనిపించక వట్టి నంబర్లే కనిపించవచ్చు. సిమ్‌కు పిన్ పెట్టి ఉంటే అసలు నెట్‌వర్కే అందదు. నంబర్లు దొరుకుతాయేమోనని సిమ్ తీసి తమ ఫోన్‌లో వేసుకోవడం రెండోది. అది ఇతరుల ఓటీపీలు మన చేతికి వచ్చే పని కాబట్టి చేయకూడదు, పైగా ఆ కాసేపూ పోయిన ఫోన్ మోగే దారి మూసుకుపోతుంది. ఛార్జర్ పెట్టి, తెర పైకి కనిపించేలా పక్కన ఉంచుకోవడం సరైన పని. ఒక రోజు గడిచినా ఎవరూ పిలవకపోతే పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోవాలి. ప్రతి ఫోన్‌కూ ప్రత్యేకంగా ఉండే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్యతో సొంతదారును వెతికించే వీలు వారికి ఉంటుంది గానీ మనకు ఉండదు.

నేనూ అలాగే ఛార్జర్ పెట్టి ఎదురుగా ఉంచుకున్నాను. సాయంత్రం మూడోసారి ‘చిన్నక్క’ అన్న పేరు వెలిగినప్పుడు వెంటనే ఎత్తాను. అవతలి గొంతు మొదట నన్ను దొంగ అనుకుని తడబడింది, తరువాత చాలాసేపు మాట రాలేదు. గంటన్నరలో సొంతదారు ఆమెతో కలిసి వచ్చారు. ఫోన్ చేతికివ్వకముందే తెర మీది బొమ్మ ఏమిటని అడిగితే పూలతోట అని చెప్పారు, నా ఎదుటే వేలు పెట్టి లాక్ తీశారు. పిన్ ఏమిటని నేను అడగలేదు, అడగకూడదు కూడా. వెళ్లబోతుంటే నేనే ఆపి, ఎమర్జెన్సీ సమాచారం ఎక్కడుందో చూపించాను. ఆ ఖాళీ గడిలో అక్కగారి నంబరు అక్కడే నిలబడి నింపుకుని, ఫోన్ మళ్లీ లాక్ చేసి నా చేతికిచ్చి, నొక్కి చూడమన్నారు. పక్కనే ఉన్న ఆమె చేతిసంచిలో ఫోన్ మోగింది.