‘కట్టె, బొగ్గు రెండూ మండుతాయి’ అనే బాయిలర్ కొనే ముందు ఇది చదవండి

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్క్రాంటన్, విల్క్స్‌బారీ, హేజిల్టన్ చుట్టుపక్కల పాత ఇళ్లు కొని, చలికాలంలో ఇల్లు వెచ్చబరిచే ఆయిల్ ఖర్చు భరించలేక, నీళ్లు కాచి గదుల్లోని రేడియేటర్లకు పంపే కట్టెల బాయిలరో బొగ్గు బాయిలరో వెతుకుతున్న మన తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. పోయిన చలికాలం మా ఇంట్లో జరిగింది ఇంకెవరి ఇంట్లోనూ జరగకూడదు.

నేను కొత్తగూడెంలో పెరిగాను. నాన్న సింగరేణిలో పనిచేశారు కాబట్టి బొగ్గు నాకు కొత్త కాదనుకున్నాను. కానీ పెన్సిల్వేనియాలో దొరికే ఆంత్రసైట్ అనే బొగ్గు తీరు వేరు. సింగరేణి బొగ్గులో మండే వాయువులు ఎక్కువ. నాలుగు పుల్లలు వేసి అంటిస్తే పొగలు కక్కుతూ రాజుకుంటుంది. ఆంత్రసైట్ నల్లరాయిలా గట్టిగా, నిగనిగలాడుతూ ఉంటుంది, ఒక పట్టాన అంటుకోదు. దాన్ని ఎనిమిది పది అంగుళాల మందాన పోసి, కింద నుంచి గాలి అందిస్తేనే ఎర్రగా నిలబడి మండుతుంది. కట్టె అలా కాదు. బూడిద పరుపు మీదే హాయిగా మండుతుంది, దానికి గాలి పై నుంచి రావాలి. ఒకే పొయ్యి ఈ రెండింటికీ సరిగ్గా సరిపోవడం చాలా కష్టం. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే నేను ఆ బాయిలర్ జోలికి వెళ్లేవాణ్ని కాదు.

అమ్మినాయన మా ఇల్లు చూడడానికే రాలేదు. ఎన్ని చదరపు అడుగులని ఫోనులో అడిగి, గంటకు 1,80,000 బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) బాయిలర్ అంటగట్టాడు. ‘పెద్దదైతే మంచిదే కదండీ, కట్టె దొరికితే కట్టె, లేదంటే బొగ్గు వేసుకోండి’ అన్నాడు. తరువాత వేరే మెకానిక్ వచ్చి గోడలు, కిటికీలు, అటక అన్నీ చూసి లెక్క కడితే, ఎముకలు కొరికే చలిలో కూడా మా ఇంటికి 70,000 మించి అక్కర్లేదని తేలింది.

డిసెంబరులో మంచు తుఫాను వచ్చి కరెంటు పోయినప్పుడే మొదటి దెబ్బ తగిలింది. ఆయిల్ బాయిలర్‌లో కరెంటు పోతే మంట ఆగిపోతుంది. పొయ్యి నిండా కట్టెలుంటే ఆగేదెక్కడ? నీళ్లు తిప్పే పంపు ఆగింది, నిప్పు ఆగలేదు. చూస్తుండగానే నీళ్లు 220 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాయి, ప్రెషర్ వాల్వ్ తెరుచుకుని బేస్‌మెంట్ అంతా ఆవిరి కమ్మేసింది. పంపు లేకపోయినా వేడినీళ్లు వాటంతటవే పైకెక్కి చల్లబడేలా ఒక పైపు దారి వేయాలట. మాకు వేయలేదు.

అవసరానికి మించిన బాయిలర్‌లో నీళ్లు తొందరగా కాగుతాయి, వెంటనే గాలి తలుపు మూసుకుంటుంది. ఇక లోపలి కట్టె గంటల తరబడి మండకుండా కుములుతూనే ఉంటుంది. ఆ పొగ చిమ్నీ గోడలకు తారులా పడుతుంది. దాన్నే క్రియోసోట్ అంటారు. జనవరిలో చిమ్నీ శుభ్రం చేసే అతను కింది తలుపు తీసి చూపించాడు. బెల్లం పాకం కారుతూ కారుతూ గడ్డకట్టినట్టు నల్లగా మెరుస్తోంది, గోకితే రాలలేదు. ‘ఇది అంటుకుంటే ఇల్లే పోతుంది’ అన్నాడు. రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్లు 140 డిగ్రీల కన్నా చల్లగా బాయిలర్‌లోకి వెళ్లకుండా వేడినీళ్లు కలిపే వాల్వ్ ఒకటి ఉండాలని కూడా అతనే చెప్పాడు. అది లేక లోపలి ఉక్కుకు చెమట పట్టి అప్పటికే తుప్పు మొదలైంది.

కట్టెకు భయపడి ఫిబ్రవరిలో ఒక టన్ను బొగ్గు తెప్పించాను. పొయ్యి లోతు ఐదారు అంగుళాలే. అడుగున బొగ్గును మోసే ఇనుప జల్లెడను, అంటే గ్రేట్‌ను, కదపడానికి పిడి లేదు. బూడిద రాలదు, గాలి అందదు. ఒక రాత్రి నిప్పంతా కప్పుకుపోయేలా కొత్త బొగ్గు పోసి పైకి వెళ్లాను. అలా పోయకూడదు. ఒక మూల ఎర్రటి నిప్పు కనబడుతూ ఉండాలి; కొత్త బొగ్గు వదిలే వాయువు ఆ నిప్పుకు అంటుకుని నీలి మంటగా మండిపోతుంది. లేకపోతే లోపలే పోగుపడి ఒక్కసారిగా పేలుతుంది. అర్ధగంట కాకముందే కింద ధబ్బుమని శబ్దం వచ్చింది. పొగగొట్టం అతుకు ఊడిపోయింది. కాసేపటికే కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. పిల్లలిద్దరినీ దుప్పట్లతో సహా ఎత్తుకుని బయటికి పరుగెత్తి, కారులో కూర్చుని ఫైరింజన్ కోసం ఎదురుచూశాం. మా చిన్నదానికి అప్పటికి మెలకువ కూడా రాలేదు. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు.

వారంటీ అడిగితే అమ్మినాయన బాయిలర్ వెనక బిగించిన వివరాల పలక చూసుకోమన్నాడు. ‘బొగ్గుకు మాత్రమే’ అని చిన్న అక్షరాలతో ఉంది. 2020 మే తరువాత ఇక్కడ అమ్మే కొత్త కట్టెల బాయిలర్లకు పర్యావరణ సంస్థ ఈపీఏ ధ్రువీకరణ ఉండి తీరాలి. బొగ్గు మాత్రమే మండించేవాటికి ఆ నిబంధన వర్తించదు. కానీ బొగ్గు బాయిలర్ అనిపించుకోవడానికి కింద నుంచి గాలి, కదిపే గ్రేట్ ఉండాలని అదే నిబంధన చెబుతోంది. నోటితో కట్టె అని, పలక మీద బొగ్గు అని రాసి, రెండూ కానిదాన్ని మాకు అమ్మారు.

కాబట్టి ముందు మీకు ఏటా ఖాయంగా దొరికేది ఏదో తేల్చుకోండి. కట్టె అయితే తేమ 20 శాతం లోపుకు ఆరబెట్టుకునే చోటు ఉండాలి. బొగ్గు అయితే బొగ్గు కోసమే చేసిన బాయిలర్ తీసుకోండి. ఇంటికొచ్చి వేడి లెక్క కట్టనివాడికి బయానా ఇవ్వకండి. పలక ఫొటో తెప్పించుకుని, ప్రతి అక్షరం చదివి, ఇన్సూరెన్సు వాళ్లకు కూడా చూపించండి. ఎవరికైనా అనుమానం ఉంటే ఆ ఫొటో నాకు పంపండి, నాకు తెలిసినంత చెబుతాను. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేనివాళ్లు మాత్రం బాయిలర్ సంగతి పక్కన పెట్టి, ఈ రోజే ప్రతి అంతస్తుకూ ఒకటి తెచ్చి బిగించండి.