హైదరాబాద్‌లో ఫ్లాటా, ఉన్న ఇంటి మీద ఫ్లోరా? కిరాయి కోసమైతే ఏది మేలు?

మా బామ్మర్దిది హనుమకొండ. చేతిలో 20 లక్షలున్నాయి, నెలనెలా కిరాయి వచ్చే ఏర్పాటు ఏదైనా చేసుకోవాలని ఆరాటం. "బావా, నిజాంపేటలో 60 లక్షలకి టూ బెడ్‌రూమ్ చూసిన, 18 వేలు కిరాయి వస్తదంటున్నరు, తీసుకోనా?" అని ఫోన్ చేశాడు. మీ ఇంటి మీద ఖాళీ స్లాబ్ ఉంది కదా, దాని సంగతేంటి అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు.

ముందు ఫ్లాట్ లెక్క. 48 లక్షల లోన్ అంటే విలువలో 80 శాతం, 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉన్న లోన్లకు బ్యాంకులు అంతకు మించి ఇవ్వవు. మిగతా 12 లక్షలు మనవే. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి ఏడున్నర శాతం, అంటే ఇంకో నాలుగున్నర లక్షలు, దీనికి బ్యాంకు పైసా ఇవ్వదు. కప్‌బోర్డులు, ఫ్యాన్లు, గీజర్లు, కిటికీలకు దోమల జాలీలు అనుకుంటూ పోతే మూడు నాలుగు లక్షలు ఇట్టే అయిపోతాయి. అంటే వాడి 20 లక్షలూ గడప దాటకముందే ఖర్చు. ఆ తర్వాత ఎనిమిదున్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల ఈఎంఐ నెలకు 41,600 దాటుతుంది, వచ్చే కిరాయి 18 వేలు. తేడా 23 వేల పైచిలుకు ప్రతి నెలా జీతంలోంచి కట్టాలి. దీన్ని కిరాయి ఆదాయం అనాలంటే నాకైతే నోరు రాదు.

"ట్యాక్స్ కలిసొస్తది కదా" అన్నాడు. పాత ట్యాక్స్ పద్ధతిలో ఉంటే కొంత కలిసొస్తుంది. కిరాయిలో 30 శాతం రిపేర్ల కింద తీసేసి, వడ్డీ మొత్తం తీసేస్తే మొదటి ఏడాది రెండున్నర లక్షల దాకా నష్టం చూపిస్తుంది, అందులో 2 లక్షల వరకు జీతంలో తగ్గించుకోవచ్చు. కానీ వాడు ఉన్నది కొత్త పద్ధతిలో. అక్కడ ఈ నష్టాన్ని జీతంలో తగ్గించుకోనివ్వరు. ఏజెంట్లు ఈ ముక్క చెప్పరు, పాత లెక్కే చెప్పుకుంటూ తిరుగుతుంటారు.

ఇక ఇంటి మీద ఫ్లోరు. వెయ్యి చదరపు అడుగులు, అక్కడి మేస్త్రీ చెప్పిన రేటు అడుగుకు రెండు వేలు, అంటే అవే 20 లక్షలు. రెండు సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్లు, వాళ్ల వీధిలో ఒక్కోటి 7 వేలకు పోతుంది. ఏడాదికి 1 లక్షా 68 వేలు, పెట్టిన డబ్బు మీద 8.4 శాతం. ఫ్లాట్‌కు ఇదే లెక్క వేస్తే 60 లక్షల మీద 2 లక్షలా 16 వేలు, 3.6 శాతం. మాయేం లేదు, ఇక్కడ భూమి ఖరీదు మా మామ ఎప్పుడో కట్టేశాడు, అంతే.

అయితే ఈ దారిలో గుంటలు వేరే ఉన్నాయి. మొదటిది పునాది. ఆ రోజుల్లో పై అంతస్తు కోసమని పిల్లర్ల చువ్వలు పైకి వదిలేశారు, పాతికేళ్లుగా వానకు నాని తుప్పు పట్టి, బట్టలారేసే తీగ కట్టుకోడానికి పనికొస్తున్నాయి. చువ్వలు ఉన్నాయి కదా అని మేస్త్రీ మాట మీద స్లాబ్ వేయకూడదు, కింద పునాది ఎంత బరువుకి వేశారో స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో చూపించాలి. మున్సిపాలిటీ పర్మిషన్ కూడా ముందే తీసుకోవాలి. గోడల మీద నిలబడిన పాత ఇల్లైతే నేనైతే ఆ ఆలోచన అక్కడే ఆపేస్తాను.

రెండోది ఇంకా పెద్దది. ఇల్లు మామ పేరున ఉంది. వాడు 20 లక్షలు పెట్టి కట్టినా అది మామ ఇంట్లో భాగమే అవుతుంది, వీలునామా లేకుండా రేపు పంపకాలకు వస్తే అత్తమ్మతో పాటు కొడుక్కీ కూతురికీ సమాన వాటా. ఆ కూతురు మా ఆవిడే కాబట్టి ఈ విషయంలో నా సలహా కాస్త అనుమానంగానే వినమని వాడికి ముందే చెప్పాను. కట్టకముందే మామతో రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ రాయించుకో, మీ అక్కను కూర్చోబెట్టి మాట్లాడి రాయించుకో అన్నాను. తర్వాత అంటే గొడవలే.

మూడోది, అమ్మాలంటే ఫ్లోరు ఒక్కటే అమ్ముడుపోదు. ఆ విషయంలో ఫ్లాటే మేలు, అవసరానికి అమ్ముకోవచ్చు, ఏరియా పెరిగితే రేటూ పెరుగుతుంది. కాకపోతే కాగితంలో మన వాటాకు ఎన్ని గజాల భూమి వస్తుందో చూసుకోవాలి, బిల్డింగ్ పాతబడే కొద్దీ ధర నిలబెట్టేది ఆ గజాలే.

నాకూ మియాపూర్ వైపు ఒక ఫ్లాట్ ఉంది, నేనుండేది ఎల్బీనగర్‌లో, అంటే మెట్రో ఈ చివర నుంచి ఆ చివరకు. ఒకసారి పైవాళ్ల బాత్రూమ్ నీళ్లు మా బెడ్‌రూమ్ సీలింగ్‌లోకి దిగి, పళ్లెమంత పసుపు మరక పడింది. పై ఓనర్ అమెరికాలో, వాళ్ల కిరాయిదారు "ఓనర్‌ని అడగండి" అంటాడు, అసోసియేషన్ "మీరూ మీరూ తేల్చుకోండి" అంటుంది. నేను మూడు ఆదివారాలు తిరిగాను. ఈలోపు మా కిరాయిదారు ఖాళీ చేశాడు, అదీ ఆషాఢం మొదట్లో. ఆషాఢంలో ఇల్లు మారేవాళ్లెవరు? టులెట్ బోర్డు శ్రావణం చివరి దాకా వేలాడింది, ఆ రెండు నెలలూ మెయింటెనెన్స్ నేనే కట్టుకున్నాను.

బామ్మర్దిది అలా కాదు, కిందే ఉంటాడు. మోటార్ ఎప్పుడు వేయాలో, ట్యాంకు ఎప్పుడు నిండిందో వినపడుతుంది. కాకపోతే ఓనర్ కిందే ఉంటే ఆదివారం పొద్దున ఆరింటికే "అన్నా, నీళ్లు వస్తలేవు" అని తలుపు కొడతారు, దానికీ సిద్ధపడాలి. మెట్లు మాత్రం బయటి నుంచి విడిగా పెట్టమన్నాను, మన వరండాలోంచి రోజూ వాళ్లు పోతుంటే ఇద్దరికీ ఇబ్బందే. పోర్షన్‌కో కరెంటు మీటర్ కూడా తప్పనిసరి. గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డు ఉన్న కిరాయిదార్లకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తుంది కాబట్టి, ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్లు మీటర్ సంగతి అడుగుతున్నారు. సబ్ మీటర్ పెట్టి నెలనెలా లెక్కలు వేసుకుంటే మాటా మాటా పెరగడం ఖాయం.

ఇవేవీ వద్దు అనుకునేవాళ్లకు రీట్లు ఉన్నాయి, అంటే పెద్ద బిల్డింగుల మీద వచ్చే కిరాయిని యూనిట్లు కొన్నవాళ్లకు పంచే సంస్థలు. 2019లో మన దేశంలో మొదటిది ఎంబసీ స్టాక్ మార్కెట్లో లిస్ట్ అయింది, 2020లో మైండ్‌స్పేస్, దాని ఆఫీసు బిల్డింగులు మాదాపూర్‌లోనూ ఉన్నాయి. షేరులా ఒక్క యూనిట్ కూడా కొనొచ్చు, పంచదగ్గ నగదులో కనీసం 90 శాతం పంచి తీరాలి. ధర రోజూ పైకీ కిందికీ ఊగుతుంది, అది తట్టుకోగలిగితే లీకేజీ తలనొప్పి లేదు. బామ్మర్దికి చెబితే "దాన్ని ఏం చూపిస్తం బావా చుట్టాలకు?" అన్నాడు.

వాడికి నేను తేల్చి చెప్పింది ఫ్లోరే. గిఫ్ట్ డీడ్ అయి, ఇంజినీర్ పునాది బాగుందంటేనే. అదే వాడు హైదరాబాద్‌లో ఉండి, ఊళ్లో ఇల్లు ఖాళీగా ఉండి ఉంటే ఇంత గట్టిగా చెప్పేవాణ్ని కాదు.

ఇంజినీర్ మొన్న వచ్చి పిల్లర్ల పక్కన తవ్వించి చూశాడట, ఒక్క ఫ్లోరుకైతే ఫర్వాలేదన్నాడు, పైన ఇంకోటి మాత్రం మర్చిపొమ్మన్నాడు. గిఫ్ట్ డీడ్‌కు మామ సరే అన్నాడు, మా ఆవిడా సరే అంది. ఇప్పుడు బయటి మెట్లు పెట్టాల్సిన చోట వేపచెట్టు ఉంది, దాన్ని కొట్టడానికి అత్తమ్మ ఒప్పుకోవట్లేదు.