ఈ కడ్డీకి నాలుగొందల డాలర్లా? షిలెన్ సెలెక్ట్ మ్యాచ్ బారెల్ ఏడాది వాడాక

పార్శిల్ వచ్చిన రోజు మా ఆవిడ దాన్ని కర్టెన్ రాడ్ అనుకుంది. విప్పి, ఇది తుపాకీ గొట్టం, బారెల్ అంటారు అని చూపించి ధర చెప్పాక, "ఏమండీ, ఈ కడ్డీకి నాలుగొందల డాలర్లా? మరి తుపాకీ మొత్తం ఎంతకు కొన్నారు?" అంది. తుపాకీ సెకండ్ హ్యాండ్‌లో అంతకంటే తక్కువకే వచ్చింది. ఆ సంగతి ఇప్పటికీ తనకు చెప్పలేదు.

నేనుండేది ఇర్వింగ్‌లో, డాలస్ పక్కన. తుపాకీ మొదటిసారి పట్టుకుంది కాలేజీలో ఎన్‌సీసీ క్యాంపులో, పాయింట్ టూ టూ రైఫిల్, ఐదు తూటాలిస్తే మూడు అసలు అట్టకే తగల్లేదు. అమెరికా వచ్చాక కూడా గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆ జోలికి పోలేదు. హెచ్1బీ మీద ఉన్న తమ్ముళ్లు ఇది చదివి ఉత్సాహపడకండి, వీసా మీద ఉన్నవాళ్లు ఇక్కడ తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నా అవి సొంతంగా ఊహించుకునేవి కావు, లాయర్ని అడగాల్సినవి.

నా రైఫిల్ సావేజ్ కంపెనీ వాళ్ల పాత 12 మోడల్, క్యాలిబర్ 223 రెమింగ్టన్. అంతకుముందు దాన్ని వాడినాయన ఏదో బారెల్ వేయించుకున్నాడు, దాని మీద ట్విస్ట్ 1:12 అని తప్ప కంపెనీ పేరు కూడా లేదు. అప్పటికి ఆ అంకె అర్థం నాకు తెలియదు. బరువైన తూటా గాలికి తక్కువ కదులుతుందని విని 75 గ్రెయిన్ల (తూటా బరువుని గ్రెయిన్లలో కొలుస్తారు) మ్యాచ్ తూటాలు, అంటే పోటీల్లో వాడేవి, రెండు పెట్టెలు కొనుక్కుని షూటింగ్ రేంజ్‌కి వెళ్లాను. 100 గజాల దూరంలో అట్ట. పది కాల్చి వెళ్లి చూస్తే కొన్ని అసలు కనిపించలేదు, కనిపించిన చిల్లులు గుండ్రంగా లేవు. ఒకటైతే తూటాని పక్కకి పడుకోబెట్టి అచ్చు గుద్దినట్టుంది, పొడుగ్గా, ఒక కొస చిరిగిపోయి. పక్క బెంచీ మీదున్న పెద్దాయన ఒకరు ఆ అట్ట చూసి నవ్వి, "బారెల్ మీద ఏం రాసుందో చదివావా?" అన్నారు.

బొంగరం ఆడినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. తాడు గట్టిగా లాగి వేస్తే నిలబడి తిరుగుతుంది, మెల్లగా వేస్తే తల ఊపుతూ పడిపోతుంది. బారెల్ లోపల మెలితిరిగిన గాడులుంటాయి కదా, అవే తూటాకి ఆ తిప్పుడు ఇచ్చేవి. 1:12 అంటే 12 అంగుళాలు పోయేసరికి ఒక చుట్టు, 1:8 అంటే 8 అంగుళాలకే ఒక చుట్టు. తూటా ఎంత పొడుగైతే అంత వేగంగా తిప్పాలి. అందరూ బరువు లెక్క చెబుతారు గానీ అసలు లెక్క పొడుగుది, బరువైన తూటా ఎలాగూ పొడుగ్గా ఉంటుంది కాబట్టి మాట చెల్లిపోతోంది. సెకనుకు 3200 అడుగుల వేగంతో వెళ్లే తూటా 1:12లో నిమిషానికి 1,92,000 చుట్లు తిరుగుతుంది, 1:8లో 2,88,000. నా 75 గ్రెయిన్ల తూటాలకు మొదటిది చాల్లేదు, అడ్డం తిరిగాయి. తప్పు బారెల్‌ది కాదు, నాది.

సరే అని 50 గ్రెయిన్ల తేలిక తూటాలకు మారితే గుండ్రంగానే తగిలాయి, కాకపోతే 100 గజాల్లో చెదురు, అంటే చిల్లుల మధ్య దూరం, రెండంగుళాలు. ఇక్కడ ఇంకో పొరపాటు చేశాను. ఒక షాపులో అడిగితే కౌంటర్ దగ్గరి కుర్రాడు స్కోపు, అంటే గురి చూసే దుర్బిణి, మార్చమన్నాడు, మార్చాను, నా జేబు తేలికయింది, చెదురు మాత్రం అలాగే ఉంది. చివరికి బారెల్ మూతి దగ్గర, దాన్నే క్రౌన్ అంటారు, భూతద్దంతో చూస్తే ఒక మూల చిన్న నొక్కు కనిపించింది. తూటా ఆఖరున వదిలే చోటు అదే, అక్కడ గ్యాసు ఒక పక్క ముందుగా తన్నుకొస్తే తూటా దారి తప్పుతుంది. క్రౌన్ కొత్తగా కోయించడం చవకే, కోయించాక చెదురు అంగుళంపావుకి దిగింది. కొత్త బారెల్ కొనే ముందు మీరూ ఇది చూసుకోండి, స్కోపు మౌంటు స్క్రూలూ, స్టాక్ (భుజానికి ఆనించే పిడి) స్క్రూలూ బిగుతుగా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. సగం మందికి అక్కడే పని అయిపోతుంది.

నాకు కాలేదు. ఎందుకంటే నాకు ఒకే రైఫిల్‌తో రెండు పనులు కావాలి, వేసవిలో ప్రెయిరీ డాగ్స్ అనే చిన్న జంతువుల వేట, మిగతా ఏడాది అట్ట మీద గురి. అందుకని తీసుకున్నది షిలెన్ సెలెక్ట్ మ్యాచ్, స్టెయిన్‌లెస్, 26 అంగుళాలు, వార్మింట్ మందం, అంటే లావుపాటిది, 1:8 ట్విస్ట్. షిలెన్ వాళ్లది ఎన్నిస్, డాలస్‌కి దక్షిణంగా 35 మైళ్ల దూరం, పక్కూరి సరుకని కొంత మొగ్గు కూడా ఉందనుకోండి. వాళ్లు గాడులు బటన్ పద్ధతిలో వేస్తారు, అంటే గట్టి కార్బైడ్ ముక్కని రంధ్రం గుండా నడిపిస్తే అది లోహాన్ని నొక్కి గాడి పెడుతుంది. విస్కాన్సిన్‌లోని క్రీగర్, బార్ట్‌లైన్ వాళ్లు ఒక్కో గాడినీ కొద్దికొద్దిగా చెక్కుతూ పోతారు, ధర కాస్త ఎక్కువ. చెక్కినదే గొప్పని కొట్టుకునేవాళ్లున్నారు. పోటీల్లో రెండు రకాలూ గెలుస్తూనే ఉన్నాయి, నా భుజం, నా ఊపిరి తెచ్చే తేడా ముందు ఆ తేడా నాకెప్పటికీ కనిపించదు. ట్విస్ట్ సరిపోవడం, తూటా కూర్చునే ఛాంబర్ సరిగ్గా కోయడం, క్రౌన్ శుభ్రంగా ఉండటం, ఈ మూడూ కుదిరాకే పేరు సంగతి.

సావేజ్ వాళ్లకి ఒక సుఖం ఉంది. 1958లో వచ్చిన 110 మోడల్ నుంచీ బారెల్‌ని ఒక నట్టుతో బిగిస్తున్నారు, అందుకని ఛాంబర్ కోసి పెట్టిన బారెల్ తెప్పించుకుని ఇంట్లోనే మార్చుకోవచ్చు. మా గరాజ్‌లో ఆ పెద్దాయనే దగ్గరుండి చేయించారు. ఛాంబర్‌లో గో గేజ్ అనే కొలత ముక్క పెట్టి బోల్ట్, అంటే ఛాంబర్‌ని వెనక నుంచి మూసే గడియ, మూస్తే హాయిగా మూసుకోవాలి, నో గో గేజ్ పెడితే మూసుకోకూడదు. ఆ రెండు గేజ్‌లకీ తేడా తలవెంట్రుక మందమంత. మొదటిసారి నట్టు బిగిస్తుంటే బారెల్ కూడా కాస్త తిరిగి నో గో మీద బోల్ట్ మూసుకుపోయింది, నాకు చెమటలు పట్టాయి, ఆయన మాత్రం తాపీగా "ఊడదీయి, మళ్లీ చెయ్యి" అన్నారు. మూడోసారికి కుదిరింది. గేజ్‌లు లేకుండా, తెలిసినవాళ్లు పక్కన లేకుండా ఈ పని చేయకండి, పేలేది మన చెంప పక్కనే. రెమింగ్టన్ 700 లాంటి రైఫిళ్లైతే మామూలుగా గన్‌స్మిత్, అంటే తుపాకీలు బాగుచేసేవాడి, దగ్గరికే వెళ్లాలి, ఆ కూలి దాదాపు బారెల్ ధరంత అవుతుంది, పైగా నెలల తరబడి వెయిటింగ్.

ఫలితం చెబుతాను. 69 గ్రెయిన్ల సియెర్రా మ్యాచ్‌కింగ్ తూటాలతో 100 గజాల్లో ఐదు తూటాల గుంపులు అర అంగుళం నుంచి ముప్పావు మధ్య వస్తున్నాయి, అంటే దాదాపు డైమ్, మన పావలాలాంటి చిన్న నాణెం, కింద దాచేయొచ్చు. పదేసి కాలిస్తే అంగుళానికి కాస్త లోపల. మూడేసి కాల్చి "పావంగుళం" అని ఫొటోలు పెట్టేవాళ్లని నమ్మకండి, మూడు తూటాలు అదృష్టం కొద్దీ కూడా ఒకచోట పడతాయి. 53 గ్రెయిన్ల వీ-మ్యాక్స్ తూటా కూడా దాదాపు అంతే బాగా పోతోంది. పలుచని తొడుగున్న మరీ తేలిక తూటాలు వేగంగా తిప్పే ట్విస్ట్‌లో గాల్లోనే విచ్చిపోతాయని భయపెడతారు, ఈ రకాలతో నాకు అలాంటిదేమీ జరగలేదు.

జూన్‌లో అమరిల్లో వైపు ఒక రాంచ్‌కి వెళ్లాం, ఆసామి అనుమతితో. ప్రెయిరీ డాగ్ అంటే ఉడుత జాతి, కుక్క కాదు. గడ్డి తినేస్తున్నాయని, నేలంతా బొరియలు చేస్తున్నాయని ఆయన గోల. అడవి పందులు వేరుశనగ చేలో పడ్డ మర్నాడు మా అనంతపురంలో రైతు గొంతు ఎలా ఉంటుందో అచ్చం అదే గొంతు. ప్రెయిరీ డాగ్ బొరియ దగ్గర చేతులు కట్టుకున్నట్టు నిలబడితే మూడు నాలుగు అంగుళాల వెడల్పు. 100 గజాల్లో అంగుళం చెదిరే రైఫిల్ 300 గజాల్లో మూడంగుళాలు చెదురుతుంది, ఇంక గురి తప్పడానికి మనకంటూ చోటేం మిగిలింది? అర అంగుళమే చెదిరే బారెల్ విలువ నాకు అక్కడ తెలిసింది. (మా అమ్మకు మాత్రం అట్టల మీదే కాలుస్తున్నానని చెప్పాను.)

మందం బారెల్ ఎందుకో కూడా అక్కడే తెలుస్తుంది. సన్నని బారెల్ అయితే వేడెక్కేకొద్దీ గురి ఒక పక్కకి జరుగుతూ పోతుంది. నా మందం బారెల్‌తో గురి జరగలేదు గానీ, ఇరవై పాతిక తూటాలయ్యాక బారెల్ మీంచి వేడి లేచి స్కోపు ముందు ఎండమావులు ఆడటం మొదలైంది, జంతువు నీళ్లలో ఉన్నట్టు ఊగుతోంది. బోల్ట్ తెరిచి, నీడలో పెట్టి, పులిహోర పొట్లం విప్పడం తప్ప వేరే మార్గం లేదు. అలా ఆగకుండా బాదేస్తే ఛాంబర్ ముందున్న గొంతు కాలిపోయి ఎంత మంచి బారెల్ అయినా తొందరగా పాడవుతుంది. 22-250 లాంటి ఎక్కువ మందు పట్టే క్యాలిబర్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది, 223 ఆ విషయంలో మంచిది.

తిట్టుకున్నది బరువు ఒక్కటే. స్కోపుతో కలిపి రైఫిల్ 12 పౌండ్లు దాటింది, బెంచీ మీద హాయి, కానీ కొయోటీల (నక్కల్లాంటివి) కోసం నడుస్తూ తిరగాలంటే భుజం ఊడుతుంది. నడిచి వేటాడేవాళ్లు ఇది తీసుకోకండి, 22 అంగుళాల సన్నది చూసుకోండి. 40, 50 గ్రెయిన్లు తప్ప ఇంకేవీ కాల్చం అంటారా, 1:12 చాలు, నాలా 1:8 కోసం వెతకనక్కర్లేదు.

కడగడం మాత్రం నిజంగా సుఖం. చేత్తో సానపట్టిన లోపలి గోడ కాబట్టి తూటా తొడుగులోని రాగి పెద్దగా అంటదు, పాతదాన్ని ఎన్ని గుడ్డముక్కలతో తుడిచినా రాగి వదిలిన నీలం రంగు తగ్గేది కాదు, దీనికి నాలుగో ముక్క దాదాపు తెల్లగా వస్తోంది. ఆ పాత బారెల్ ఇప్పుడు పెరట్లో బీరపాదుకి ఊతంగా ఉంది. మా ఆవిడే పాతింది, కర్టెన్ రాడ్‌కంటే గట్టిగా ఉందట.