మా బడి గోడ మీద నీలం ఏనుగు

విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో ఒక ఆర్టిస్టు గారి చిన్న కొట్టు ఉంది. ఒకప్పుడు సైన్‌బోర్డులు రాసేవారు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని తగ్గాక బడి గోడలకు బొమ్మలు వేస్తున్నారు. మొన్న జనవరిలో మా ఒకటో తరగతి గదికి ఆయన చేతే వేయించాం.

మొదటి రోజు గోడకు అరచెయ్యి ఆనించి చూసి, "లోపల చెమ్మ ఉందమ్మా, ఇప్పుడేస్తే పెచ్చులూడిపోద్ది" అని వెళ్లిపోయారు. పది రోజులు ఆగాల్సి వచ్చింది. నాకు కోపమే వచ్చింది కానీ, పక్క గదికి అంతకుముందు ఎవరో వేసిన రంగు ఊడిపోవడం గుర్తొచ్చి ఊరుకున్నాను.

తిరిగొచ్చాక బ్రష్ పట్టలేదు. పిల్లలకు సుద్దముక్కలిచ్చి గంటసేపు నేల మీద గీయమన్నారు. ఒక పాప మూడు కాళ్ల కోడిని గీసింది. దాన్నే గోడ మీద పెద్దది చేశారు. కోడికి రెండే కాళ్లు కదా, సరిచేయమన్నాను. "సరిచేస్తే అది నా కోడి అయిపోద్ది, పాప కోడి కాదు" అన్నారు. ఆ మాటకే నేను ఆయనకు అభిమానినైపోయాను.

గది పొడుగునా ఏటవాలుగా సిరిమాను, అంటే పైడితల్లి అమ్మవారి పండగలో చివరన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి చెట్టు మాను. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని చూసిన ఆ పండగే తనకు రంగులు నేర్పిందంటారు. సిరిమానుకు ముందు, ఊరేగింపులో నడిచే పాలధార, బెస్తవారి వల, ఏనుగు. ఏనుగుకు నీలం వేసి, చుట్టూ నారింజ రంగు నింపారు. రెండూ పక్కపక్కన పడేసరికి అది గోడలోంచి నడిచొస్తున్నట్టే ఉంది. "ఏనుగు నీలంగా ఉంటాదేటి?" అని ఒకడు అడిగాడు. "మన పండగలో తెల్లేనుగు ఉంది కదా, నీలం ఉండకూడదేటి?" అన్నారు. మాను చివర కూర్చున్న పూజారిని మాత్రం ఉన్నదున్నట్టే వేశారు. అక్కడ ఆటలొద్దన్నారు.

అడుగున రెండడుగుల మేర ఎర్రమట్టి రంగు పట్టీ. దాని మీద సీతంపేట కొండల్లో సవర గిరిజనులు వరిపిండితో వేసే బొమ్మల తీరులో, చేతులు పట్టుకుని ఆడే తెల్లటి మనుషుల వరస. పిల్లల చేతుల మురికి ఆ ఎరుపులో కలిసిపోతుందని ముందే ఆలోచించారట.

రంగులన్నీ తెల్ల ఎమల్షన్ పెయింట్‌లో స్టెయినర్లు (చిక్కటి రంగు ద్రవాలు) కలిపి తయారుచేసుకున్నవే. ఆరితే కాస్త ముదురుతాయని ప్రతిదీ గోడ మూలన పూసి, ఆరాకే వాడారు.

పసుపు ఒక్కటే రెండు కోట్లకీ మచ్చలుగా కనబడింది. మూడోది వేయడానికి వారం తిప్పించారు. కూలీ, రంగులూ కలిపి 11,000 రూపాయలు అయింది.

మీ బడికీ ఆయన చేత వేయించాలంటే, దసరా ముందు పందిళ్ల పనుల్లో ఉంటారు, దొరకరు. గోడలు బాగా ఎండి ఉండే మార్చిలో పిలవండి.