నోర్డ్‌లింగెన్ కోటగోడ: పైన నడుస్తూ ఊరంతా చుట్టి రావచ్చు

జర్మనీలో పాత కోటగోడ చూడాలని అడిగితే అందరూ ముందు రోథెన్‌బర్గ్ పేరే చెబుతారు. రెండూ చూశాక నా ఓటు మాత్రం నోర్డ్‌లింగెన్‌కే. రోథెన్‌బర్గ్ బాగోదని కాదు, ఫోటోలకి చాలా అందమైన ఊరు, రాత్రి లాంతరు పట్టుకుని కావలివాడి వేషంలో ఒకాయన తిప్పి చూపించే టూర్ కూడా చాలా బాగుంటుంది. కానీ మధ్యాహ్నం బస్సులు దిగాయంటే ఆ వీధుల్లో జనాన్ని తప్పించుకుంటూ నడవడానికే సరిపోతుంది. 1945 మార్చి 31న పడ్డ బాంబులకి అక్కడి గోడలో పెద్ద భాగం కూలిపోయింది, తర్వాత విరాళాలు పోగుచేసి మళ్ళీ కట్టారు. దాతల పేర్లు గోడలోనే పలకల మీద ఉంటాయి, జపాన్ వాళ్ళవి కూడా కనిపిస్తాయి. అవి చదువుకుంటూ నడవడం నాకు నిజంగా నచ్చింది. అయినా ఎక్కిన చోటునుంచి గోడ మీదే చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే రావాలంటే నోర్డ్‌లింగెన్ వెళ్ళాల్సిందే.

గోడ చుట్టుకొలత సుమారు 2.7 కిలోమీటర్లు. టికెట్ ఏమీ లేదు. ఏ గేటు దగ్గరో మెట్లెక్కితే పైన పెంకుల కప్పుతో చెక్కా రాయీ కలిసిన నడవ ఉంటుంది, కాబట్టి వాన పడ్డా ఇబ్బంది లేదు. ఒక పక్క బాణాలు, తుపాకులు పెట్టే కంతలు, ఇంకో పక్క ఊరు. నాకు ఆ ఊరి వైపే ఎక్కువ నచ్చింది, ఎందుకంటే గోడకి ఆనించి కట్టిన బుల్లి ఇళ్ళలో ఇప్పటికీ కాపురాలున్నాయి, వాళ్ళ పెరళ్ళు, కూరమళ్ళు, ఆరేసిన బట్టలు అన్నీ కిందే కనిపిస్తుంటాయి. వాళ్ళ కిటికీల్లోకి కెమెరా పెట్టకండి దయచేసి.

ఈ గోడ 1327లో చక్రవర్తి లుడ్విగ్ ఆజ్ఞతో మొదలైంది. అంతకుముందు ఇంకా చిన్న గోడ ఉండేది, దాని బయట పెరిగిన తోళ్ళు పదునుచేసేవాళ్ళ పేటల్లాంటివన్నీ లోపలికి రావాలని కొత్తది కట్టారు. ఆ పాత గోడ ఇప్పుడు లేదు గానీ, అది ఉన్న చోట వీధులు గుండ్రంగా తిరుగుతాయి. అది అర్థం కావాలంటే ఊరి మధ్యలో ఉన్న సెయింట్ జార్జ్ చర్చి గోపురం ఎక్కాలి. దాన్ని అక్కడ డానియెల్ అంటారు, ఎత్తు 90 మీటర్లు, 350 మెట్లు, దీనికి టికెట్ ఉంది. పైనుంచి చూస్తే పళ్ళెంలో పెట్టినట్టు ఊరంతా ఎర్ర పెంకులు, చుట్టూ గోడ. ఇంకా దూరంగా కనిపించే కొండల వరస సుమారు కోటిన్నర ఏళ్ళ కింద ఉల్క పడి ఏర్పడిన గుంట అంచు. ఊరు ఉన్నది ఆ గుంటలోనే! 1970లో చంద్రుడి మీదకి వెళ్ళబోయే అపోలో 14 వ్యోమగాములు రాళ్ళ గురించి నేర్చుకోవడానికి ఇక్కడికే వచ్చారు. ఆ కథంతా ఆ గుంట పేరుతోనే ఉన్న రీస్ క్రేటర్ మ్యూజియంలో ఉంది, చంద్రుడి మీంచి తెచ్చిన రాయి కూడా ఉంది, పిల్లలుంటే వదలొద్దు. సోమవారం మూసేస్తారు.

పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయే ప్లాన్ పెట్టుకోకండి, ఒక రాత్రి ఉండండి. రాత్రి పది నుంచి పన్నెండు దాకా ప్రతి అరగంటకీ డానియెల్ మీంచి కావలివాడు 'జో, గ్జెల్, జో' అని కేకేస్తాడు. ఆ కేక వెనక ఒక కథ ఉంది: 1440లో కాపలావాళ్ళు శత్రువు దగ్గర లంచం తిని లోప్సింగర్ గేటు తాళం వెయ్యకుండా వదిలేస్తే, ఒక పంది ఆ తలుపుకి ఒళ్ళు రుద్దుకుంటుండగా ఒకావిడ చూసి, ఇలాగే కేకేసి ఊరిని కాపాడిందట. ఆ గేటులోనే ఇప్పుడు కోటగోడ మ్యూజియం ఉంది, చలికాలంలో తెరవరు.

బస విషయానికొస్తే, గోడ లోపల పాత ఇళ్ళలో గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయి. మేం దిగినదానిలో గది శుభ్రంగా ఉంది, పొద్దున టిఫిన్‌కి బ్రెడ్డు, చీజ్, గుడ్లు కడుపునిండా పెట్టారు. కానీ లిఫ్ట్ లేదు, సాయంత్రానికే రిసెప్షన్ మూసేశారు, తాళంచెవి ఎక్కడ పెట్టారో ఫోన్ చేసి కనుక్కునేదాకా సామాను పట్టుకుని వీధిలో టెన్షన్ పడ్డాం. బుక్ చేసేటప్పుడే ఈ రెండూ అడగండి. శాకాహారులకి కేజ్‌ష్పెట్స్‌లె అనే నూడుల్స్ లాంటి వంటకం దొరుకుతుంది, చీజ్, వేయించిన ఉల్లిపాయలతో బాగుంటుంది గానీ ఆ పిండిలో గుడ్డు కలుపుతారు, తిననివాళ్ళు చూసుకోండి. ఆదివారం సూపర్‌మార్కెట్లు ఉండవు కాబట్టి పాలూ పళ్ళూ శనివారమే కొనిపెట్టుకోవాలి.

మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, గోడ ఎక్కలేకపోయారు. అలాంటివాళ్ళకి గోడ బయట కందకం వెంబడి చెట్ల నీడలో చక్కటి దారి ఉంది, పిల్లల బండికి కూడా అదే నయం. పైన మెట్లు నిటారుగా ఉంటాయి, చిన్నపిల్లలు చెయ్యి వదలకూడదు.

మ్యూనిక్ నుంచి డోనావోర్త్‌లో రైలు మారితే సుమారు రెండు గంటలు, బయర్న్ టికెట్ (బవేరియా రాష్ట్రంలో లోకల్ రైళ్ళలో ఒక రోజు తిరగడానికి ఇచ్చే టికెట్) చెల్లుతుంది, కాకపోతే పనిదినాల్లో ఉదయం తొమ్మిది తర్వాతే. స్టుట్‌గార్ట్ వైపు నుంచైతే ఆలెన్ మీదుగా రావాలి. స్టేషన్ నుంచి నడిచి వస్తే మొదట తగిలేది డైనింగర్ గేటు, సామాను గదిలో పడేసి అక్కడే గోడ ఎక్కెయ్యొచ్చు.